సంపు ఖాళీ, తెరపై మాత్రం 1.00
డిజిటల్ ప్యానెల్ మీటరు చూపే అంకెను ఎంతవరకు నమ్మాలో అమర్చిన రోజే తేలిపోతుంది

ఒక నీటి సరఫరా పంపుహౌస్‌ను ఊహించుకోండి. గోడకు ప్యానెల్ బోర్డు, అందులో ఎర్రని అంకెలు వెలిగే అరచేయంత పెట్టె, దాని కింద 'సంపు నీటిమట్టం' అని స్టిక్కరు. సంపు లోతు 5 మీటర్లు. పెట్టె బిగించిన రోజున సంపు నిండుగా ఉంది. తెరపై 5.00 వచ్చింది. సరిపోయిందని సంతకాలు చేసి వెళ్లిపోయారు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం పంపు నీళ్లకు బదులు గాలి పీల్చడం మొదలుపెట్టింది. శబ్దం మారింది. ఆపరేటరు తెరవైపు చూశాడు. 1.00 అని ఉంది. ఇంకా మీటరు లోతు నీళ్లున్నాయి కదా అని మోటారు ఆపలేదు. పంపు లోపలి సీలును చల్లబరచేది పారే నీళ్లే. అవి లేకపోతే సీలు వేడెక్కి కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు.

తర్వాత విప్పి చూస్తే సెన్సరు బాగానే ఉంటుంది. వైరు తెగలేదు. ప్యానెల్ మీటరులో కూడా లోపమేమీ లేదు. అమర్చేటప్పుడు మెనూలో ఒక్క ఎంపిక తప్పింది, అంతే. ఆ తప్పు సంపు నిండుగా ఉన్నంతసేపూ కనిపించదు.

డిజిటల్ ప్యానెల్ మీటర్లు ఇప్పుడు లేని చోటు లేదు. రైస్‌మిల్లు, శీతల గిడ్డంగి, ఆస్పత్రి జనరేటరు, సౌర విద్యుత్ ఇన్వర్టరు, అపార్టుమెంటు లిఫ్టు గది, అన్నిచోట్లా అవే. ముల్లు ఊగే పాత మీటరుకు ఉన్న ఒక మర్యాద వీటికి లేదు. ముల్లు కాస్త అటూ ఇటూ ఉంటే చూసేవాడే 'సుమారుగా ఇంత' అనుకుంటాడు. అంకెలు వెలిగితే మాత్రం అనుమానం రాదు.

దానికి తెలిసింది మిల్లీవోల్టులే

ప్యానెల్ మీటరుకు నీళ్లు తెలియవు, డిగ్రీలు తెలియవు, ఆంపియర్లూ తెలియవు. అది కొలిచేది రెండు టెర్మినళ్ల మధ్య ఉన్న చిన్న వోల్టేజీని. చిన్న మీటర్లలో చాలావాటికి ఆధారమైన చిప్పుల కుటుంబంలో పేరున్నది ఐసీఎల్ 7107. ఇంటర్‌సిల్ కంపెనీ దీన్ని 1970ల్లో తెచ్చింది. దీనితో సాధారణంగా కట్టే సర్క్యూట్ 199.9 మిల్లీవోల్టుల వరకు, అంటే వోల్టులో ఐదో వంతు వరకు కొలుస్తుంది. మిగతాదంతా బయట మనం కట్టేదే.

ఉదాహరణకు 12 వోల్టుల బ్యాటరీని కొలవాలి. నేరుగా కలిపితే మీటరు పరిధి ఎప్పుడో దాటిపోతుంది. అందుకే రెండు రెసిస్టర్లను వరుసగా పెడతారు. ఒకటి 990 కిలోఓంలు, రెండోది 10 కిలోఓంలు. చిన్నదాని చివరల మధ్య వచ్చే వోల్టేజీ అసలుదానిలో సరిగ్గా నూరో వంతు. 12 వోల్టులకు 120 మిల్లీవోల్టులు. తెరపై 12.00 అని కనబడాలంటే చుక్కను సరైన చోట వెలిగించాలి. ఆ చుక్క కూడా ఒక దీపమే. దాన్ని ఎక్కడ వెలిగించాలో చిప్పుకు తెలియదు, బిగించినవాడే వైరు కలిపి చెప్పాలి. చుక్క ఒక స్థానం జరిగితే అదే బ్యాటరీ 1.20 వోల్టులవుతుంది, లేదా 120 వోల్టులవుతుంది. రెసిస్టర్లు ఒక శాతం అటూ ఇటూ ఉండే రకమైతే, మీటరు ఎంత మంచిదైనా ఆ శాతం తేడా అంకెలోకి వచ్చేస్తుంది.

సున్నాకు 4 ఎందుకు?

ఇప్పుడు సంపు దగ్గరకు వద్దాం. నీటి అడుగున వేలాడే సెన్సరు పైనున్న నీటి ఒత్తిడిని బట్టి లోతు తెలుసుకుని, దాన్ని విద్యుత్ ప్రవాహంగా మార్చి పంపుతుంది. పరిశ్రమల్లో స్థిరపడిన పద్ధతి ప్రకారం ఈ ప్రవాహం 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల మధ్య ఉంటుంది. సంపు ఖాళీ అయితే 4, నిండితే 20. వోల్టేజీకి బదులు ప్రవాహాన్ని పంపడానికి కారణముంది. వైరు వంద మీటర్లున్నా దాని నిరోధం వల్ల వోల్టేజీ కొంత పడిపోతుందేమో గానీ, ఒకే దారిలో వెళ్లే ప్రవాహం మాత్రం ఆ చివర ఎంతో ఈ చివరా అంతే. మీటరు లోపల చిన్న రెసిస్టరు ఆ ప్రవాహాన్ని మళ్లీ వోల్టేజీగా మారుస్తుంది. అది 5 ఓంలదైతే 4 మిల్లీఆంపియర్లకు 20 మిల్లీవోల్టులు, 20 మిల్లీఆంపియర్లకు 100 మిల్లీవోల్టులు వస్తాయి.

సున్నా దగ్గర సున్నా పంపితే పోదా, 4 ఎందుకు? మొదటి కారణం, రెండే వైర్లున్న సెన్సరు పని చేయడానికి కావలసిన శక్తి కూడా ఆ ప్రవాహం నుంచే రావాలి. రెండోది ఇంకా ముఖ్యం. వైరు తెగితే ప్రవాహం సున్నా అవుతుంది. సంపు ఖాళీ అయితే 4 ఉంటుంది. రెండింటికీ తేడా తెలుస్తుంది. 3.6 కంటే తక్కువ వచ్చినా, 21 కంటే ఎక్కువ వచ్చినా అది కొలత కాదు, లోపానికి గుర్తు అని పరిశ్రమ ఒక ఆనవాయితీ కూడా పెట్టుకుంది.

పంపుహౌస్‌లో జరిగిన పొరపాటు ఇక్కడే. మీటరు మెనూలో 4-20 ఎంచుకోవలసిన చోట 0-20 ఉండిపోయింది. కింది అంకె 0.00, పై అంకె 5.00 సరిగ్గానే పెట్టారు. 20 మిల్లీఆంపియర్లు వచ్చినప్పుడు రెండు అమరికల్లోనూ 5.00 కనిపిస్తుంది. నీళ్లు 4 మీటర్లకు దిగితే 16.8 మిల్లీఆంపియర్లు వస్తాయి, తెరపై 4.20. తేడా ఇరవై సెంటీమీటర్లే, ఎవరూ పట్టించుకోరు. సగానికి దిగితే 2.50 బదులు 3.00. పూర్తిగా ఖాళీ అయితే 4 మిల్లీఆంపియర్లు, అంటే 20లో ఐదో వంతు. 5 మీటర్లలో ఐదో వంతు 1.00. నీళ్లు తగ్గేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. పైగా వైరు తెగితే 0.00 అని చూపించి, సంపు ఖాళీ అయినట్టు నటిస్తుంది.

ఒక సరళరేఖను గీయడానికి రెండు బిందువులు కావాలని బడిలో చెప్పిందే ఇక్కడ పనికొచ్చే పాఠం. నిండుగా ఉన్నప్పుడు ఒక్కసారి చూడటమంటే ఒకే బిందువు. దాని గుండా ఎన్ని గీతలైనా పోతాయి. లూప్ క్యాలిబ్రేటరు అనే చేతి పరికరం ఉంటే సెన్సరు వైర్లు విప్పి, దానితో 4, 12, 20 మిల్లీఆంపియర్లు పంపి తెరపై 0.00, 2.50, 5.00 వస్తున్నాయో లేదో చూస్తారు. మధ్యలో 12 కూడా చూస్తే గీత నిటారుగా ఉందో లేదో తేలుతుంది. ఆ పరికరం లేకపోతే కొలత టేపుకు బరువు కట్టి సంపులోకి దించి, నీళ్లు బాగా ఎక్కువ ఉన్నప్పుడు ఒకసారి, బాగా తగ్గాక ఒకసారి కొలిచి పోల్చినా చాలు.

ఇంకో చిన్న విషయం. అడుగున చేరే ఒండ్రు అంటకుండా సెన్సరును నేలకు కాస్త పైన వేలాడదీస్తారు. అది 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, దాని సున్నా సంపు సున్నా కాదు. మెనూలో కింది అంకె 0.20 అని, పై అంకెను కూడా అంతే పెంచి పెట్టాలి. ఈ మెనూలు చదవడమే ఒక విద్య. ఏడు గీతల తెరపై ఇంగ్లిష్ అక్షరాలన్నీ కుదరవు కాబట్టి మాటలు సగం విరిగిపోయి కనిపిస్తాయి. మీటరుతో వచ్చిన కాగితాన్ని పారేయకుండా ప్యానెల్ తలుపు లోపల పెట్టుకోవడం మంచిది.

చివరి అంకె నిలవకపోతే

అంతా సరిగ్గా పెట్టినా చివరి అంకె ఒక్కోసారి కుదురుగా ఉండదు. 7, 9, 6, 8 అంటూ ఎగురుతుంది. చాలాసార్లు నేరం పక్కనే పోయే 230 వోల్టుల కరెంటు తీగది. దాని నుంచి సెకనుకు 50 సార్లు ఊగే అలజడి కొలత వైర్లలోకి దూరుతుంది.

దీన్ని తప్పించుకునే ఉపాయం 7107 లాంటి చిప్పులు కొలిచే తీరులోనే ఉంది. లోపల ఒక కెపాసిటరు ఉంటుంది. దాన్ని తొట్టి అనుకోండి. కొలవాల్సిన వోల్టేజీ నిర్ణీత కాలంపాటు ఆ తొట్టిని నింపుతుంది. ఆ తర్వాత ముందే తెలిసిన ప్రామాణిక వోల్టేజీ దాన్ని ఖాళీ చేస్తుంది. ఖాళీ కావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెడితే అదే కొలత. వోల్టేజీ ఎక్కువైతే తొట్టి ఎక్కువ నిండుతుంది, ఖాళీ కావడానికి ఎక్కువసేపు పడుతుంది. నింపేదీ తోడేదీ అదే తొట్టిలో, అదే గడియారంతో కాబట్టి కెపాసిటరు విలువ కాస్త మారినా ఫలితం మారదు. చవక విడిభాగాలతో మంచి కొలత రావడానికి కారణం ఇదే.

నింపే కాలం సరిగ్గా 100 మిల్లీసెకన్లు అయితే అందులో 50 హెర్ట్జ్ అలలు ఐదు పూర్తిగా ఇముడుతాయి. ప్రతి అలలోనూ పైకి లేచిన భాగమూ కిందికి దిగిన భాగమూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అలజడి లెక్కలోకే రాదు. 7107లో ఇందుకు గడియారాన్ని 40 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టాలి. డేటాషీటు ఉదాహరణల్లో తరచూ కనిపించేది 48 కిలోహెర్ట్జ్. అప్పుడు నింపే కాలం 83.3 మిల్లీసెకన్లు. అమెరికాలోని 60 హెర్ట్జ్ కరెంటుకు అది సరిగ్గా ఐదు అలలు. మనకు మాత్రం నాలుగు అలల మీద ఇంకొంచెం. ఆ మిగిలిన ముక్కే చివరి అంకెలో ఎగురుతుంది. ఆ సర్క్యూట్‌ను చూసి ఉన్నదున్నట్టు కట్టుకున్న విద్యార్థులు ఎక్కడ తప్పు జరిగిందో తెలియక తలపట్టుకునేది ఇలాంటప్పుడే. కొనే ప్రోగ్రామబుల్ మీటర్లలో కొన్నిటికి 50, 60 ఎంచుకునే వీలుంటుంది. దానితోపాటు కొలత వైర్లను ఒకదానితో ఒకటి మెలిపెట్టి, పైన లోహపు తొడుగున్న కేబుల్ వాడి, ఆ తొడుగును ఒక్క చివరే ఎర్త్‌కు కలిపితే అలజడి చాలావరకు పోతుంది.

ప్రాణం మీదికి తెచ్చే చోట్లు

పెద్ద డీసీ ప్రవాహాన్ని కొలవడానికి షంట్ వాడతారు. 100 ఆంపియర్లు పోతే 75 మిల్లీవోల్టులు వచ్చే లోహపు పట్టీ అది. మీటరు మెనూలో 75కు 100 అని చెప్పాలి. ఇక్కడ చవక మీటర్లలో ఒక ఉచ్చు ఉంది. వాటిలో మీటరుకు కరెంటు ఇచ్చే మైనస్, కొలత మైనస్ లోపల ఒకటే. అదే బ్యాటరీ నుంచి మీటరుకు సరఫరా ఇచ్చి, షంట్‌ను ప్లస్ వైపు బిగిస్తే బ్యాటరీ ప్లస్‌కూ మైనస్‌కూ మీటరు గుండా నేరుగా దారి ఏర్పడుతుంది. పొగ వచ్చాక గానీ తెలియదు. షంట్‌ను మైనస్ వైపు పెట్టడమో, మీటరుకు విడి సరఫరా ఇవ్వడమో చేయాలి.

ఏసీ ప్రవాహానికి కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు వాడతారు, పనివాళ్ల మాటలో సీటీ. లైన్లో లోడు నడుస్తుండగా సీటీ రెండో వైపు వైర్లను ఎప్పుడూ విప్పకూడదు. వెళ్లే దారి లేని ప్రవాహం అక్కడ వేల వోల్టులను పుట్టించగలదు. మీటరు మార్చాలంటే ముందు సీటీ టెర్మినళ్లను షార్ట్ చేయాలి.

ఉష్ణోగ్రత దగ్గర ప్రమాదం వేరు, నిశ్శబ్దంగా వస్తుంది. పీటీ-100 అనే ప్లాటినం సెన్సరు 0 డిగ్రీల దగ్గర 100 ఓంలు, ఆపై డిగ్రీకి సుమారు 0.385 ఓంలు పెరుగుతుంది. దీన్ని రెండే వైర్లతో 20 మీటర్ల దూరానికి లాగితే, ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ రానూపోనూ 40 మీటర్లకు దాదాపు 0.7 ఓం కలుపుతుంది. మీటరు దాన్నీ వేడిగానే లెక్కిస్తుంది. అంటే 1.8 డిగ్రీలు ఎక్కువ. టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచే గదిలో అసలు ఉష్ణోగ్రత 0.5కు పడినా తెరపై 2.3 వస్తుంది, ఏ అలారమూ మోగదు. హెపటైటిస్-బి వంటి కొన్ని టీకాలు గడ్డకడితే పనికిరావు, చూడటానికి మాత్రం మామూలుగానే ఉండవచ్చు. ఇందుకే ఈ సెన్సర్లకు మూడో వైరు ఉంటుంది. వైరు నిరోధమెంతో మీటరు దాని ద్వారా విడిగా కొలిచి తీసేస్తుంది. ఆ మూడో వైరును అనవసరమనుకుని కత్తిరించడం మన పనుల్లో కొత్తేమీ కాదు. సరిచూడటానికి గ్లాసులో నలగ్గొట్టిన మంచు, కాస్త నీళ్లు కలిపి సెన్సరు ముంచితే చాలు. సున్నా రావాలి.

ఏ అంకె వరకు నమ్మాలి?

నాలుగంకెల మీటరు 230.0 వోల్టులు చూపిస్తోంది. దాని కాగితంపై 'చూపిన విలువలో 0.5 శాతం, అదనంగా 2 చివరి అంకెలు' అని ఉందనుకుందాం. లెక్కవేస్తే 1.15కు 0.2 కలిపి 1.35. అసలు వోల్టేజీ 228.6 నుంచి 231.4 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. చుక్క తర్వాతి సున్నా తెరపై ఉందే గానీ దానికి పెద్దగా అర్థం లేదు.

ఆ 0.5 శాతం అన్న మాటకైనా పూచీ ఎవరు? మీటరును ఇంకా మంచి మీటరుతో, దాన్ని ఎన్‌ఏబీఎల్ గుర్తింపు పొందిన ప్రయోగశాలలోని ప్రమాణంతో, దాన్ని మళ్లీ న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణంతో పోలుస్తారు. అక్కడ వోల్టుకు ఆధారం జోసెఫ్సన్ ప్రభావం. అతిశీతల స్థితిలో ఉన్న సూపర్‌కండక్టర్ల జంక్షన్‌పై మైక్రోవేవ్ తరంగాలు పడితే, వాటి పౌనఃపున్యానికి కచ్చితంగా లంకె ఉన్న వోల్టేజీ పుడుతుంది. పంపుహౌస్ పెట్టె నుంచి అక్కడిదాకా ఉన్న గొలుసులో ప్రతి లింకుకూ ఒక కాగితం, ఒక తేదీ ఉండాలి.

సంపు విషయంలో అంత దూరం పోనక్కర్లేదు. ఏడాదికోసారో రెండుసార్లో దాన్ని ఖాళీ చేసి కడుగుతారు. ఆ రోజు అడుగు పూర్తిగా ఎండాక, చీపురు పట్టుకున్న మనిషి లోపలుండగానే ఒకరు పైకెళ్లి తెర చూసి రావాలి. సెన్సరు ఎత్తుకు తగిన అంకె ఉంటే దాన్ని, తేదీని ప్యానెల్ తలుపు లోపల రాసిపెట్టాలి. 1.00 అని ఉంటే నీళ్లు వదలకముందే మెనూ తెరవాలి.