వెబ్ రద్దీకి విరుగుడు: హ్యాష్ వలయము

పరీక్షాఫలితములు వెలువడిన గడియలోనే లక్షలాది విద్యార్థులు ఒకే వెబ్ పుటను కోరుదురు. ఆ పుటను దాచిన కంప్యూటరు, అనగా సర్వరు, ఒక్కటే అయినచో అందరికిని ఒక్కసారిగా జవాబు చెప్పజాలదు. జవాబులు ఆలస్యమగును, తుదకు అది పూర్తిగా మూగవోవును.

దీనికి మొదటి ఉపాయము సులభమైనదే. పుటల నకళ్లను అనేక కంప్యూటర్లలో ఉంచి, పాఠకులను వాటికి పంచవచ్చును. నకళ్లను దాచు ఇట్టి కంప్యూటరును ‘క్యాష్’ అందురు. అయితే ప్రతి క్యాషులోను ప్రతి పుటను దాచుటకు చోటు చాలదు. ఏ పుట ఏ క్యాషులో నున్నదో తెలియవలెను. ఇందుకొక పట్టికను ఒక చోట నుంచినచో, ఆ పట్టిక చుట్టునే మరల రద్దీ ఏర్పడును.

కావున పట్టికకు మారుగా లెక్కను వాడుదురు. పుట పేరును ఒక నియమము ప్రకారము సంఖ్యగా మార్చుదురు. ఈ నియమమే హ్యాష్ ప్రమేయము. ఎవరు లెక్కించినను ఒక పేరునకు ఒకే సంఖ్య వచ్చును. క్యాషులు 10 ఉన్నచో, ఆ సంఖ్యను 10 చే భాగించి, శేషమును బట్టి క్యాషును ఎంచవచ్చును. 37 సంఖ్య గల పుట 7 వ క్యాషుకు చేరును.

ఇందులో ఒక చిక్కు కలదు. రద్దీ పెరిగి మరియొక క్యాషును చేర్చితిమనుకొందము. ఇక భాజకము 11. 37 ను 11 చే భాగించగా శేషము 4. పుట 7 వ క్యాషులో నుండగా, పాఠకుని కంప్యూటరు 4 వ దానిని అడుగును! 0 నుండి 109 వరకు గల 110 సంఖ్యలను పరీక్షించినచో, రెండు భాగహారములలోను ఒకే శేషమిచ్చునవి 0 మొదలు 9 వరకు గల 10 మాత్రమే. తక్కిన 100 పుటలకు స్థానము మారిపోవును. విద్యార్థులు దీనిని స్వయముగా చేసి చూడవచ్చును. నకళ్లు దొరకని కోరికలన్నియు మరల మూల సర్వరు పైనే పడును. సాయమునకు తెచ్చిన కంప్యూటరే ముప్పు తెచ్చినదన్నమాట.

ఈ చిక్కును 1997 లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన కార్గర్, లేమన్, లైటన్, లెవైన్, లూయిన్, పాణిగ్రాహి అను ఆరుగురు విడదీసిరి. వారి పద్ధతికి ‘కన్సిస్టెంట్ హ్యాషింగు’ అని పేరు. నిలకడ గల హ్యాషింగు అని దాని భావము.

వారు సంఖ్యలను వలయముగా అమర్చిరి. దానిని గడియారపు ముఖముగా ఊహింపుడు. పుటలకును, క్యాషులకును కూడ హ్యాష్ ప్రమేయమే దానిపై స్థానములను నిర్ణయించును. ప్రతి పుటయు, ముల్లు తిరుగు దిశలో తనకు మొదట ఎదురగు క్యాషుకు చెందును. క్యాషులు 2, 6, 10 గంటల వద్ద నున్నవనుకొందము. 3 గంటల వద్దనున్న పుట 6 వద్ద నున్న క్యాషుకు చెందును. ఇప్పుడు 4 వద్ద క్రొత్త క్యాషును చేర్చినచో, 2 కు 4 కు నడుమ నున్న పుటలు మాత్రమే దానికి మారును. తక్కినవి కదలవు. అట్లే 6 వద్ద నున్నది చెడిపోయినచో, దాని పుటలు మాత్రమే 10 వద్ద నున్న దానికి పోవును.

ఒక్కొక్క క్యాషునకు వలయముపై ఒకే స్థానముండినచో భారము సమముగా పంపిణీ కాదు. కనుక ప్రతి దానికిని పలు స్థానములు ఇత్తురు. అప్పుడు 10 క్యాషులకు 11 వది చేరినను, 110 పుటలలో సగటున 10 మాత్రమే కదలును.

లైటన్, లూయిన్ 1998 లో అకమాయ్ అను సంస్థను స్థాపించి, వెబ్ రద్దీని పంచు పనికి పూనుకొనిరి. 2001 సెప్టెంబరు 11 న దుండగులు వశపరచుకొనిన విమానములో నున్న లూయిన్ 31 ఏండ్ల వయసున మరణించెను. ఆనాడు వార్తల కొరకు జనులు వెబ్ పైకి వెల్లువగా రాగా, ఆ రద్దీని మోయుటకు ఆయన సంస్థ తోడ్పడెను.

ఈ వలయము నకళ్లకే గాక మూల సమాచారమును భద్రపరచుటకును పనికివచ్చినది. అమెజాన్ సంస్థ 2007 లో వివరించిన డైనమో వ్యవస్థలో, ఒక్కొక్క వివరమును వలయముపై వరుసగా నున్న అనేక కంప్యూటర్లలో దాచుదురు. ఒకటి చెడినను తరువాతిది జవాబు చెప్పును. యంత్రములు చెడుట సహజము. ఒకటి చెడినపుడు తక్కినవి చెదరకుండ చూచుటయే ఈ లెక్క సాధించిన మేలు.