కాలిపర్‌లో పాడయ్యేది ఇనుము కాదు

కారు ఒక పక్కకు లాగుతోందనో, ఒక చక్రం దగ్గర మాడిన వాసన వస్తోందనో గ్యారేజీకి వెళితే తరచు వినిపించే మాట ఒకటుంది: ‘కాలిపర్ పట్టేసింది, కొత్తది వేయాలి.’ పట్టేసిన మాట నిజమే కావచ్చు. కొత్తది వేయాలన్నది మాత్రం చాలాసార్లు అవసరం లేని ఖర్చు. ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కి చక్రాన్ని ఆపే ఈ బ్రేకు కాలిపర్‌లో ముదిరి పాడయ్యే భాగాలు వేరు, ఏళ్ల తరబడి చెక్కుచెదరని భాగం వేరు. ఆ తేడా తెలిసి, ఓపికగా పనిచేసే వారెవరైనా దాన్ని ఇంటి దగ్గరే బాగుచేసుకోవచ్చు.

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాల దగ్గర ఒకే పిస్టన్ ఉన్న కాలిపర్ ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ పిస్టన్‌ను నెడుతుంది. లోపలి ప్యాడ్ డిస్క్‌కు ఆనుకోగానే కాలిపర్ ఒళ్లంతా రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌నూ లాక్కొస్తుంది. పిస్టన్ వ్యాసం 50 మిల్లీమీటర్లనుకుందాం. ఆయిల్ పీడనం చదరపు సెంటీమీటరుకు 70 కిలోలుంటే పిస్టన్ మీద పడే బలం దాదాపు 1,370 కిలోలు. ఇంత బలంతో ముందుకెళ్లిన పిస్టన్‌ను వెనక్కి లాగడానికి డ్రమ్ బ్రేకులో ఉన్నట్టు స్ప్రింగు ఏదీ ఉండదు. ఆ పని చేసేది పిస్టన్ చుట్టూ గాడిలో కూర్చున్న నలుపలకల రబ్బరు సీల్. పిస్టన్ కదిలినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న సీల్ అంచు కొద్దిగా మెలిపడుతుంది. పెడల్ వదలగానే మెలిక విడిపోయి, పిస్టన్‌ను మిల్లీమీటరులో కొద్ది వంతు వెనక్కి లాగుతుంది. ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య ఎడం ఏర్పడేది ఆ కాస్త కదలికతోనే. రబ్బరు గట్టిపడితే ఆ సాగుడు పోతుంది, ప్యాడ్ డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటుంది. కుక్కర్ గాస్కెట్ గట్టిపడిందని కుక్కర్ పారేయం కదా, ఇక్కడా లెక్క అంతే.

తుప్పు సంగతేమిటని అడగవచ్చు. ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఇది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు సీల్ ఉన్న చోటులోనే ఉంది. డ్రమ్ బ్రేకు వీల్ సిలిండర్‌లో రబ్బరు సీల్ పిస్టన్‌తో పాటు కదులుతూ సిలిండర్ గోడను రాసుకుంటుంది. ఆ గోడకు గుంటలు పడితే సిలిండర్ పనికిరాదు. ఈ కాలిపర్‌లో అలా కాదు. సీల్ గాడిలో ఉంటుంది, జారేది పిస్టన్ ఒక్కటే. అంటే ఆయిల్‌ను ఆపే నునుపు పిస్టన్ పైతలానిదే కానీ కాలిపర్ గోడది కాదు. అందుకే పరీక్ష అంతా పిస్టన్ మీదే. తుడిచి, వెలుగులో తిప్పుతూ గోరుతో గీసి చూడాలి. సీల్ ఆనే చోట గోరు తట్టుకుంటే, క్రోమ్ పూత పొక్కులు లేస్తే, దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్ది సరిపెట్టకూడదు, కొత్త పిస్టన్ వేయాలి. కొత్త రబ్బరు కిట్ వేసినా మళ్లీ పట్టేసిందన్న ఫిర్యాదుకు తరచు కారణం గాడి. సీల్ వెనక చేరిన తుప్పు రబ్బరును లోపలికి నెట్టి పిస్టన్‌ను బిగించేస్తుంది. గాడి అంచులు చెడకుండా ఆ తుప్పును పూర్తిగా గీకి తీయాలి. అసలు పనిలో సగం ఇదే.

పాత అలవాట్లు రెండు ఇక్కడ హాని చేస్తాయి. మొదటిది పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగడం. ఈ సీళ్లకు వాడే రబ్బరు అలాంటి పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కడగడానికి బ్రేక్ క్లీనర్, బిగించేటప్పుడు సీల్‌కు తడి చేయడానికి కొత్త బ్రేక్ ఆయిల్, పిన్నులకు బ్రేకుల కోసమే తయారైన సిలికోన్ గ్రీజు వాడాలి. రెండోది పిస్టన్‌ను కంప్రెసర్ గాలితో బయటికి కొట్టడం. చదరపు సెంటీమీటరుకు 7 కిలోల గాలి కూడా ఆ పిస్టన్‌ను 137 కిలోల బలంతో విసురుతుంది, అడ్డమున్న వేలు నలిగిపోతుంది. ఆయిల్ పైపు విప్పకముందే ఎదురుగా చెక్క ముక్క పెట్టి, పెడల్‌ను నెమ్మదిగా తొక్కి పిస్టన్‌ను చాలా వరకు బయటికి రప్పించడం మేలు.

బ్రేకులంటే ప్రాణాలతో పని, ఇంట్లో ప్రయోగాలా అనేవాళ్ల ఆందోళన సబబైనదే. కానీ పట్టేసిన కాలిపర్‌తో తిరగడమూ ప్రమాదమే. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకుని నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. రాసుకుంటున్న ప్యాడ్ల వేడికి ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు దిగిపోతుంది. భద్రతను తేల్చేది పని జరిగిన చోటు కాదు, తర్వాత చేసిన పరీక్ష. ఆయిల్‌లోని గాలిని తీసే బ్లీడర్ నిపుల్ పైవైపున ఉండాలి. కుడి ఎడమ కాలిపర్లు తారుమారైతే గాలి ఎంతకీ పోదు. బ్లీడింగ్ అయ్యాక పెడల్‌ను గట్టిగా ఒక నిమిషం తొక్కి పట్టాలి. అది దిగకూడదు, సీల్ దగ్గరా పైపు బోల్టు దగ్గరా తడి కనపడకూడదు. పెడల్ వదిలాక, స్టాండు మీదున్న చక్రం చేత్తో తిరగాలి. తర్వాతే ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడిపి చూడాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా బండి రోడ్డెక్కకూడదు.

అన్ని కాలిపర్లకూ ఈ మాట వర్తించదు. పార్కింగ్ బ్రేకు మోటారు కలిసిన వెనక కాలిపర్లు, పగిలిన పోత, బ్లీడర్ లోపలే విరిగిపోయినవి ఇంటి పనికి లొంగవు. అవి మెకానిక్‌కే అప్పగించాలి. మిగతావాటి విషయంలో ఒక్క మనవి: ఈసారి పంక్చర్‌కు చక్రం విప్పినప్పుడు పిస్టన్ చుట్టూ ఉన్న డస్ట్ బూట్ అనే రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి. చిరిగితే వెంటనే మార్పించండి, లేదా మీరే మార్చండి. అప్పటికి పిస్టన్‌కు తుప్పు పట్టకపోతే పని రబ్బరు కిట్‌తోనే ముగుస్తుంది.