ఇల్లు మారుటకు ముందు

హైదరాబాదు నగరమున 1980వ దశకము నుండి బహుళ అంతస్తుల భవనములు పెరుగుచు వచ్చినవి. వీటికై 1987లో ప్రత్యేకముగా ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము వెలసినది. నేడు గుంటూరు, కర్నూలు వంటి పట్టణములలో సైతము, తాతగారు కట్టించిన పెంకుటింటిని విడిచి మూడవ అంతస్తులోని రెండు గదుల ఫ్లాటులోనికి పోవు కుటుంబములు అనేకము. సామాను బండి మాట్లాడుకొనుట ఇందులో చివరి పని.

మొదట చూడవలసినది ఒప్పంద పత్రము. దీనిని 11 నెలలకే ఎందుకు వ్రాయుదురని పలువురు అడుగుచుందురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడాదికి మించిన కౌలుకే రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆ ఖర్చు తప్పించుకొనుటకై ఈ 11 నెలల ఆచారము పుట్టినది. కాని మన రాష్ట్రమున 1999లో ఈ నిబంధనను సవరించి, కాలపరిమితితో నిమిత్తము లేకుండ కౌలు పత్రములన్నిటికిని వర్తింపజేసిరి. చట్టము మారినను అలవాటు మారలేదు. రిజిస్టరు కాని పత్రములోని షరతులను న్యాయస్థానము సాధారణముగా సాక్ష్యముగా గ్రహింపదు. కావున తకరారు వచ్చిననాడు కిరాయిదారు చేతిలో మిగులునది డబ్బు చెల్లించిన రుజువే. డిపాజిట్టుకు, నెలనెలా అద్దెకు రసీదు తీసుకొనుట, లేదా బ్యాంకు ద్వారా చెల్లించుట అందుచేతనే అవసరము. ఇల్లు ఖాళీ చేయునపుడు సున్నము, రంగు ఖర్చు ఎవరిది, ఎన్ని నెలల ముందు తెలుపవలెను, అపార్టుమెంటు నిర్వహణ చందా ఎవరు కట్టవలెను అను మూడు సంగతులు పత్రములో స్పష్టముగా లేనిచో, డిపాజిట్టులో కోతలన్నియు అక్కడనే మొదలగును. కేంద్రము 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టములో నివాసగృహమునకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్టు కూడదని యున్నది. అది నమూనా మాత్రమే; రాష్ట్రము స్వీకరించిననే అమలులోనికి వచ్చును.

ఇచ్చట ఒక ముచ్చట. కిరాయి, ఖాళీ, రసీదు, దస్తావేజు, మరమ్మతు, తకరారు, సామాను: ఇల్లు మారు తెలుగువాని నోట వినబడు ఈ మాటలన్నియు మనకు ఉర్దూ వలన అలవడినవే. అయితే ఒప్పందమును మాత్రము తరచుగా ఇంగ్లీషులోనే వ్రాయుదురు. ఇంటి పెద్ద సంతకము చేయుటకు ముందు దానిని పంక్తి పంక్తికి చదివి, తమ ఇంటి భాషలో వినిపించవలసినది కళాశాలకు పోవు పిల్లలే.

ఇల్లు చూచుటకు సెలవునాడు మధ్యాహ్నము కాక, ఉదయము ఏడు గంటలకు పోవుట మేలు. అందరును నీళ్లు వాడు సమయమున పై అంతస్తు కుళాయిలో ధార ఎట్లున్నదో అప్పుడే తెలియును. మున్సిపాలిటీ నీరు ఎన్నాళ్లకొకసారి వచ్చును, బోరు వేసవిలో ఎండునా అని యజమానిని కాక కావలివానిని అడుగుడు. విద్యుత్తు పోయినపుడు లిఫ్టు నడుచునా యనునది యువకులకు చిన్న ప్రశ్న. మోకాళ్ల నొప్పులు గల నాయనమ్మకు అదియే పెద్ద ప్రశ్న. జనరేటరు లేని భవనమున మూడవ అంతస్తు పుచ్చుకొన్నచో ఆమె మసీదు వీధిని, బజారును, చుట్టాలను చూచుట క్రమముగా తగ్గిపోవును. ఇట్టి ఇంట అద్దె కొంచెము అధికమైనను మొదటి అంతస్తే కోరవలెనని నా అభిప్రాయము.

తరువాత కొలతలు. లిఫ్టు తలుపు, మెట్ల మలుపు, గది ద్వారబంధము, ఈ మూడింటిని టేపుతో కొలిచి, బీరువా, పందిరి మంచముల కొలతలతో సరిచూచుకొనవలెను. మంచము విప్పదగినది, బీరువా విప్పరానిది. ఆరుగురు ఎక్కు లిఫ్టు పలకపై 408 కిలోలని వ్రాసియుండును. అనగా తలకు 68 కిలోల లెక్క. పుస్తకములు నింపిన ఇనుప బీరువాను నలుగురు కూలీలతో సహా అందులో ఎక్కించుట ప్రమాదము. ముందుగా ఖాళీ చేసి, పుస్తకములను చిన్న అట్టపెట్టెలలో సర్దుడు. పెద్ద పెట్టె నింపినచో ఎవరును ఎత్తలేరు.

గ్యాసు సంగతి వారము ముందే తేల్చుకొనవలెను. ఊరు మారినచో 14.2 కిలోల సిలిండరును, రెగ్యులేటరును పాత ఏజెన్సీకి అప్పగించి, బదిలీ పత్రము పొందవలెను. పొయ్యి మన వెంటనే వచ్చును. విద్యుత్తు బకాయి మీటరును అంటియుండును. వెనుకటి కిరాయిదారు బాకీ పడినచో చీకటిలో కూర్చుండునది క్రొత్తగా చేరినవారే. చివరి బిల్లు చెల్లించిన రసీదు చూచి, చేరిననాటి మీటరు అంకెను ఫోటో తీసి యుంచుకొనుడు. 18 ఏండ్లు నిండి ఓటు నమోదు చేసుకొన్నవారు చిరునామా మార్పునకు ఫారము 8 నింపవలెను.

పాలు పొంగించుటకో, ఖురాన్ ఖానీకో బంధువులను పిలుచునపుడు, వాహనములు నిలుపు చోటును గూర్చి ఇరుగుపొరుగుతో ముందే మాటాడుడు. మొదటి రాత్రికి కావలసిన మందులు, దుప్పట్లు, ఒక గిన్నె, టార్చిలైటు బండిలో వేయక చేతి సంచిలోనే ఉంచుకొనుడు. పాత ఇంటి తాళపు చెవులు ఎన్ని తీసుకొంటిమో అన్నియు లెక్కించి అప్పగించి, ముట్టినట్లు వ్రాయించుకొని, క్రొత్త చిరునామాను తపాలా బంట్రోతుకు ఇచ్చి రావలెను.