భుజానికి సాగదీత: ఎక్కడ మేలు, ఎక్కడ కీడు

సెలవుదినం ఉదయం ముంబయి మైదానాలలో ఒక దృశ్యం తరచుగా కనబడుతుంది. ఆట మొదలయ్యే ముందు యువకులు చేతిని తల వెనుకకు పట్టి బలంగా లాగుకుంటారు. ఒకరి భుజాన్ని మరొకరు వెనుకకు వంచుతారు. భుజం పట్టేసినట్లు అనిపిస్తే ఇంకాస్త గట్టిగా లాగడమే మందు అన్న నమ్మకం చాలామందిలో ఉంది. ఇది సగమే నిజం. బిగిసిన భాగాన్ని సాగదీస్తే మేలు కలుగుతుంది. అప్పటికే వదులైన భాగాన్ని సాగదీస్తే కీడు జరుగుతుంది. క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్, హ్యాండ్‌బాల్ వంటి ఆటలలో చేతిని తలకంటే ఎత్తుకు లేపి విసిరేవారు, కొట్టేవారు ఈ తేడాను తప్పక తెలుసుకోవాలి.

భుజం నిర్మాణం

శరీరంలోని కీళ్లన్నిటిలో ఎక్కువ దిశలకు కదలగలిగినది భుజం. చేతి ఎముక పైకొన బంతివలె గుండ్రంగా ఉంటుంది. తుంటిలో ఇటువంటి బంతి లోతైన గిన్నెలో ఇమిడి ఉండగా, భుజంలో అది లోతులేని చిన్న పళ్లేనికి ఆనుకొని ఉంటుంది. అది జారిపోకుండా కాపాడేవి కీలు చుట్టూ ఉన్న పొర, స్నాయువులు, నాలుగు చిన్న కండరాలు. ఆ నాలుగింటిని కలిపి వైద్యులు రొటేటర్ కఫ్ అంటారు.

విసిరే చేతిలో వచ్చే మార్పు

ఏళ్ల తరబడి విసిరిన చేయి వెనుకకు ఎక్కువగా, ముందుకు తక్కువగా తిరుగుతుంది. ఈ మార్పులో కొంత ఎముకదే. చిన్ననాటినుండి ఆడినవారిలో చేతి ఎముక మెలిక కొద్దిగా వేరుగా స్థిరపడుతుంది. అది సహజం, ఏ వ్యాయామమూ దానిని మార్చలేదు. మిగిలిన మార్పు భుజం వెనుక భాగపు బిగువువల్ల వస్తుంది. బంతి చేయి దాటిన మరుక్షణం ఆ వేగాన్ని ఆపవలసిన భారం వెనుక కండరాలపై పడుతుంది. ఆ భారం మళ్లీ మళ్లీ పడినకొద్దీ అవి బిగుసుకుంటాయి. సాగదీత పనిచేసేది ఈ బిగువు మీదనే.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక ఆటగాడి ఎడమ భుజం వెనుకకు 90, ముందుకు 70 డిగ్రీలు, అంటే మొత్తం 160 డిగ్రీలు తిరుగుతున్నది. విసిరే కుడి భుజం వెనుకకు 105, ముందుకు 55 డిగ్రీలు తిరిగితే మొత్తం అంతే. కనుక చింత లేదు. ముందుకు 40 మాత్రమే తిరిగితే మొత్తం 145కు తగ్గినట్లు. రెండవ చేతితో పోల్చినప్పుడు ముందు తిరుగుడు సుమారు 20 డిగ్రీలు తగ్గినా, మొత్తం 5 డిగ్రీలకు మించి తగ్గినా ఫిజియోథెరపిస్టులు దానిని హెచ్చరికగా తీసుకుంటారు.

ఇంట్లో స్థూలంగా పరీక్షించుకోవడానికి వెల్లకిలా పడుకొని, చేతిని భుజం ఎత్తున పక్కకు చాపి, మోచేతిని నిలువుగా మడవాలి. భుజం నేలనుండి లేవకుండా అరచేతిని పాదాల వైపు వాలనివ్వాలి. రెండు చేతుల మధ్య తేడా కంటికే తెలుస్తుంది.

చేయదగిన మూడు వ్యాయామాలు

1. ఛాతీకి అడ్డంగా: గోడకు వీపు ఆనించి నిలబడి, ఆడే చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి, రెండవ చేతితో మోచేతిని పట్టి మెల్లగా దగ్గరకు తీసుకోవాలి. రెక్క ఎముక గోడను వదలకూడదు.

2. పక్కకు పడుకొని: ఆడే చేయి కిందికి వచ్చేలా పక్కకు పడుకొని, ఆ చేతిని భుజం ఎత్తున ముందుకు చాపి, మోచేతినుండి పైకి నిలపాలి. రెండవ చేతితో మణికట్టును నేలవైపు తేలికగా నొక్కాలి.

3. వీపు పైభాగానికి: చుట్టిన తువ్వాలును రెక్క ఎముకల కింద అడ్డంగా ఉంచి, మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకొని చేతులు తలవైపు చాపాలి. రోజంతా కుట్టుమిషను ముందో కంప్యూటరు ముందో వంగి పనిచేసేవారికి ఇది మరింత అవసరం. వీపు వంగి ఉంటే చేయి పూర్తిగా పైకి లేవదు.

ఒక్కొక్కటి 30 సెకన్ల చొప్పున మూడు నుండి ఐదుసార్లు, ఆట ముగిసి శరీరం వెచ్చగా ఉన్నప్పుడు చేయాలి. మొదటి రెండింటిలో లాగిన భావన భుజం వెనుక తెలియాలి. ముందు వైపునో పైభాగంలోనో నొప్పి కలిగితే వెంటనే ఆపాలి. ఆటకు ముందు ఇలా ఎక్కువసేపు పట్టి ఉంచితే కండరాల శక్తి కొంతసేపు తగ్గుతుంది. అప్పుడు చేతులు తిప్పడం, తేలికగా మొదలుపెట్టి క్రమంగా వేగం పెంచుతూ విసరడం మంచిది.

సాగదీతతోపాటు బలం

నార్వేలో 660 మంది అగ్రశ్రేణి హ్యాండ్‌బాల్ ఆటగాళ్లపై జరిపిన పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వారిలో కొన్ని జట్లు సాగదీతతోపాటు భుజం వెనుక కండరాలను, రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలను బలపరిచే వ్యాయామాలను వారానికి మూడుసార్లు చేశాయి. ఆ జట్లలో భుజం సమస్యల ముప్పు 28 శాతం తక్కువగా తేలింది. రబ్బరు పట్టీని కిటికీ ఊచకు కట్టి వెనుకకు లాగడం ఇంట్లోనే చేసుకోదగిన పని.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, భుజం జారుతున్న భావన, చేతిలో తిమ్మిరి, చేయి లేపలేకపోవడం కనబడితే సాగదీత మానాలి. ఎదిగే వయసు పిల్లలలో ఎముక కొన వద్ద ఉండే మృదువైన భాగం ఎక్కువగా విసరడంవల్ల దెబ్బతినవచ్చు. బౌలింగు చేసే పిల్లవాడు భుజం నొప్పి అంటే తల్లిదండ్రులు, శిక్షకులు లాగుడుతో సరిపెట్టక, విశ్రాంతి ఇచ్చి వైద్యునికి చూపించాలి.

పరేల్‌లోని కెఇఎమ్, సయన్‌లోని లోకమాన్య తిలక్, ముంబయి సెంట్రల్‌లోని నాయర్ పురపాలక ఆసుపత్రులలో ఎముకల విభాగం, ఫిజియోథెరపీ విభాగం ఉన్నాయి. కేస్ పేపర్ తీసుకొని ముందుగా ఎముకల విభాగంలో చూపించుకోవాలి. ఏ ఆట ఆడుతున్నారు, వారానికి ఎన్ని రోజులు, చేయి ఏ స్థితిలో ఉన్నప్పుడు నొప్పి వస్తున్నది అనే మూడు విషయాలు స్పష్టంగా చెబితే వైద్యునికి కారణం గుర్తించడం సులభమవుతుంది.