గినీ దేశం: ఖనిజ సంపద, ప్రజల వాటా

పశ్చిమ ఆఫ్రికాలోని గినీ ముస్లిములు అధిక సంఖ్యలో గల దేశం. 1958లో ఫ్రెంచి పాలన నుండి విముక్తి పొందింది. ప్రపంచంలోకెల్లా పెద్ద బాక్సైట్ నిల్వలు ఈ దేశ భూగర్భంలోనే ఉన్నాయి. 2015లో సుమారు 2 కోట్ల టన్నుల ఖనిజాన్ని త్రవ్విన గినీ, 2024లో 13 కోట్ల టన్నులకు పైగా త్రవ్వింది. అంకెలలో ఇది అభివృద్ధే. మరి ప్రజల జీవితాలలో?

ఒక టన్ను అల్యూమినియం తయారీకి దాదాపు 4 టన్నుల బాక్సైట్ కావాలి. ఖనిజాన్ని శుద్ధిచేసి అల్యూమినాగా, దానిని విద్యుచ్ఛక్తితో లోహంగా మార్చేకొద్దీ విలువ పెరుగుతుంది. కాని గినీ ఖనిజంలో అధికభాగం ముడి రూపంలోనే ఓడలెక్కి చైనా చేరుతోంది. పెరిగిన విలువా, ఉద్యోగాలూ అక్కడివారికే దక్కుతున్నాయి.

ఫ్రియా పట్టణంలో 1960లో వెలసిన అల్యూమినా కర్మాగారం 2012లో మూతపడి, 2018లో గాని తిరిగి తెరుచుకోలేదు. ఊరికి నీరూ, కరెంటూ కర్మాగారం నుండే అందేవి గనుక ఆ ఆరేళ్ళూ జనం అల్లాడిపోయారు. ఒకే కర్మాగారాన్ని నమ్ముకొన్న ఊరికి పట్టిన గతి, ఒకే ఖనిజాన్ని నమ్ముకొన్న దేశానికీ పట్టవచ్చు.

గని ఏనాటికైనా తరిగిపోయేదే. అది రాబోయే తరాల అమానతు కూడా. తరిగేలోగా దాని రాబడి బడులుగా, విద్యుత్తుగా, పనితనంగా మారినప్పుడే దానిని అభివృద్ధి అనగలం.