రసాయనశాస్త్రములో కొలతలు - ప్రమాణములు

రసాయనశాస్త్ర పాఠ్యగ్రంథము ఏది తెరిచినా మొదటి అధ్యాయము కొలతలను, ప్రమాణములను గురించియే ఉంటుంది. విద్యార్థులు ఆ అధ్యాయమును సాధారణముగా ఒక పూటలో దాటివేస్తారు. అందులో రంగులు మారే ద్రావణాలు లేవు, బుసబుస పొంగే వాయువులు లేవు. గ్రాములు, లీటర్లు ఎవరికి తెలియవని వారి అభిప్రాయము. దాని ఫలితము ఏడాది పొడుగునా మేము దిద్దే రికార్డు పుస్తకాలలో కనిపిస్తుంది. ‘ఆమ్లము బరువు 3.15’ అని వ్రాసి ఊరుకుంటారు. 3.15 ఏమిటి? గ్రాములా, మిల్లీగ్రాములా, తులాలా? ప్రమాణము లేని అంకె ఊరూ పేరూ లేని ఉత్తరము వంటిది. ఎంత చక్కని దస్తూరితో వ్రాసినా చేరవలసిన చోటికి చేరదు.

తులాలని పరిహాసానికి అనలేదు. ఒకప్పుడు తులము అంటే ఇంచుమించు 11.66 గ్రాములు. ఉర్దూ తెలిసిన ఇండ్లలో దానినే తోలా అంటారు. 12 మాషాలు ఒక తోలా, 8 రత్తీలు ఒక మాషా. రత్తీ అంటే మన గురివింద గింజ ఎత్తు. నేడు హైదరాబాదు బంగారు అంగళ్ళలో తులము అంటే 10 గ్రాములని వాడుక స్థిరపడినది. నానమ్మగారి పది తులాల నగ 116 గ్రాములు తూగితే, ఈనాటి పది తులాల నగ 100 గ్రాములే తూగుతుంది. మాట మారలేదు, బరువు మారినది. శేరు, మణుగుల సంగతి ఇంకను చిత్రము. మద్రాసు రాజధాని లెక్కలో శేరు తూకము 24 తులాలు. అయిదు శేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. అది సుమారు 11 కిలోగ్రాములు. బ్రిటిషు ఇండియా ప్రామాణికపు శేరు 80 తులాలు, అట్టి నలువది శేర్లు మణుగు. అది 37 కిలోగ్రాములకు పైమాట. ఒకే మాటకు ఇంత భేదము! 1956లో మన పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టమును చేసి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ పద్ధతిని క్రమముగా అమలులోనికి తెచ్చుటకు ఈ గందరగోళమే ముఖ్య కారణము.

ఫ్రాన్సు దేశములో రెండు శతాబ్దాల క్రిందట ఇదే అవస్థ ఉండెను. దానిని గట్టిగా ఆక్షేపించిన వారిలో ఆధునిక రసాయనశాస్త్ర స్థాపకుడైన లవోయిజియర్ ఒకడు. చర్యకు ముందు, చర్యకు తరువాత ఉన్న పదార్థాన్నంతటినీ తూచి, ద్రవ్యరాశి నశించదని చూపినవాడు అతడే. త్రాసును నమ్ముకున్న మనిషికి తూనికరాళ్ళు ఊరికొక తీరుగా ఉండుట సహింపరాని విషయము. 1789లో వెలువడిన తన గ్రంథములోనే అతడు బరువులను దశాంశ భిన్నాలలో వ్రాయవలెనని సూచించినాడు. 1793లో అవీ అనే ఖనిజశాస్త్రజ్ఞునితో కలిసి, నిర్ణీత ఘనపరిమాణము గల నీటి బరువును జాగ్రత్తగా కనుగొన్నాడు. 1794 మే 8న విప్లవ ప్రభుత్వము అతనికి మరణశిక్ష అమలు జరిపినది. మరుసటి ఏడు, 1795లో, మెట్రిక్ పద్ధతి చట్టమైనది. ఒక ఘన సెంటీమీటరు నీటి ద్రవ్యరాశి ఒక గ్రాము, ఒక ఘన డెసిమీటరు ఒక లీటరు. పొడవు, ఘనపరిమాణము, ద్రవ్యరాశి అను మూడింటిని నీరు ఈ విధముగా ఒక్క త్రాట కట్టినది.

ఈ సౌలభ్యములోనే ఒక చిక్కు ఉన్నది. ఒక మిల్లీలీటరు అంటే ఒక గ్రాము అని విద్యార్థి మనస్సులో నాటుకొనిపోతుంది. అది నీటికి మాత్రమే చెల్లుతుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లము ఒక మిల్లీలీటరు 1.84 గ్రాములు తూగుతుంది, పాదరసము 13.6 గ్రాములు, ఇథైల్ ఆల్కహాలు 0.79 గ్రాము మాత్రమే. ఘనపరిమాణము నుండి ద్రవ్యరాశికి పోవుటకు సాంద్రత అనే వంతెనను దాటి తీరవలెను. ఈ విషయమును ఐరోపాకు ఎంతో ముందు శ్రద్ధగా పరిశీలించిన వారిలో అల్ బిరూనీ ఒకడు. లోహాల, రత్నాల సాపేక్ష సాంద్రతలను ఆయన కొలిచినాడు. ఆయన తరువాత అల్ ఖాజినీ 1121 ప్రాంతములో ‘మీజాన్ అల్ హిక్మా’ అనే గ్రంథమును పూర్తి చేసి, అందులో నీటిలో తూచే త్రాసును వర్ణించినాడు. స్వచ్ఛమైన బంగారమును కల్తీ బంగారము నుండి వేరుపరచుట ఆ త్రాసు చేసే పనులలో ఒకటి.

సాంద్రతకు ప్రమాణము వ్రాయకపోతే ఏమి జరుగుతుందో 1983 జూలై 23న కెనడా దేశములో తెలిసివచ్చినది. ఆ దేశము అప్పుడప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతున్నది. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానము ఒకటి మాంట్రియల్ నుండి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ పోవలసి ఉన్నది. ఇంధనము ఎంత ఉన్నదో తెలిపే సూచీలు పని చేయనందున కొలకర్రతో కొలిచినారు. తొట్లలో 7,682 లీటర్లు ఉన్నది. ప్రయాణానికి కావలసినది 22,300 కిలోగ్రాములు. లీటర్లను కిలోగ్రాములుగా మార్చుటకు 1.77 అనే అంకెతో హెచ్చవేయగా 13,597 వచ్చినది. ఇంకను కావలసినది 8,703. దానిని 1.77 చేత భాగించి, 4,917 లీటర్లు పోయించినారు.

ఈ లెక్కలో హెచ్చవేత తప్పు కాదు, తీసివేత తప్పు కాదు, భాగహారము తప్పు కాదు. మన విద్యార్థులు సరిచూసినా అవే అంకెలు వస్తాయి. ఐతే 1.77 అనేది ఆ ఇంధనము ఒక లీటరు ఎన్ని పౌండ్లు తూగుతుందో తెలిపే అంకె. కిలోగ్రాములలో అది 0.803 మాత్రమే. ఉన్నది 13,597 కిలోగ్రాములు కాదు, 6,169 కిలోగ్రాములు; పోయవలసినది 20,088 లీటర్లు. కావలసిన దానిలో సగము కూడ లేని ఇంధనముతో విమానము లేచినది. ఒట్టావాలో మరల కొలిచినారు గాని, మరల అదే 1.77తో హెచ్చవేసినారు. ఆకాశమధ్యములో రెండు యంత్రాలు ఒకదాని వెంట ఒకటి ఆగిపోయినవి. విమానచోదకునికి యంత్రము లేని గ్లైడర్లను నడిపిన అనుభవము ఉండుట చేత, గిమ్లీ అనే చోట వాడుకలో లేని పాత వైమానిక స్థావరముపై దానిని దించగలిగినాడు. అందులో ఉన్న 69 మందీ బ్రతికినారు. 1.77 ప్రక్కన ‘లీటరుకు పౌండ్లు’ అని ఎవరైనా వ్రాసి ఉంటే, లీటర్లను దానితో హెచ్చవేసినప్పుడు మిగిలేది పౌండ్లే గాని కిలోగ్రాములు కాదని కాగితమే చెప్పి ఉండేది.

ప్రయోగశాలలో ఈ పద్ధతిని ప్రతి లెక్కకు పాటించవచ్చును. 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ఆక్జాలిక్ ఆమ్ల ద్రావణమునకు స్ఫటికాలు ఎన్ని గ్రాములు కావలెను? లీటరుకు 0.1 మోల్, ద్రావణము 0.250 లీటరు, మోల్‌కు 126.07 గ్రాములు. మూడింటిని హెచ్చవేస్తే లీటరు లీటరుతో, మోల్ మోల్‌తో కొట్టివేయబడి గ్రాములు మిగులుతాయి: 3.15 గ్రాములు. 0.250 లీటరుకు బదులు 250 అని ఉత్త అంకె వేసినవానికి 3,150 వస్తుంది. మూడు కిలోల ఆమ్లమును పావు లీటరు కుప్పెలో కరిగించబోతున్నామన్న అనుమానము వానికి రాకపోవుట మాకు ఏటేటా ఆశ్చర్యమే.

మోల్ అన్నాము గనుక ఒక మాట. మన గ్రంథాలయములోని పాత పుస్తకాలలో 12 గ్రాముల కార్బన్-12లో ఉన్న పరమాణువుల సంఖ్యను బట్టి మోల్‌ను నిర్వచించినారు. 1971లో అంగీకరించిన నిర్వచనము అది. ఇప్పుడు అది చెల్లదు. 2019 మే 20 నుండి 6.02214076 × 10²³ కణాలు గల పదార్థ పరిమాణమే ఒక మోల్. కిలోగ్రాము కూడ ఆనాడే మారినది. 1889 నుండి ఫ్రాన్సులో భద్రపరచిన ప్లాటినము - ఇరిడియము స్తూపమే అప్పటివరకు లోకానికంతటికి కిలోగ్రాము. మన దేశపు ప్రతి 57వ సంఖ్య గలది, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్నది. నూరేండ్ల తరువాత పోల్చి చూడగా అసలుకు, పలు ప్రతులకు నడుమ సుమారు 50 మైక్రోగ్రాముల వరకు తేడా కనిపించినది. అసలు తగ్గినదో, ప్రతులు పెరిగినవో చెప్పుటకు వీలు లేదు. అందుచేత లోహపు ముద్దను విడిచి, ప్లాంక్ స్థిరాంకము ఆధారముగా కిలోగ్రామును నిర్వచించినారు.

ఇక అంకెల సంగతి. 3.15 గ్రాములకు, 3.1500 గ్రాములకు భేదము లేదనుకొనుట పొరపాటు. మొదటిది గ్రాములో నూరవ వంతు వరకు తూచినామని చెబుతుంది. రెండవది పదివేలవ వంతు వరకు తూచినామని చెబుతుంది. చివరి సున్నలు అలంకారానికి పెట్టేవి కావు, మన త్రాసు పేర పలికే సాక్ష్యము. బ్యూరెట్టు మీద గీతలు 0.1 మిల్లీలీటరుకు ఒకటి చొప్పున ఉంటాయి. ద్రవపు పుటాకార తలము అడుగుకు కన్ను సమముగా ఉంచి, రెండు గీతల నడుమ ఎక్కడ ఉన్నదో అంచనా వేసి రెండవ దశాంశస్థానము వ్రాయవలెను. ఆ చివరి అంకె సందేహముతో కూడినదే. సందేహము అక్కడే ఉండవలెను, దానికి ముందు ఉండరాదు, దాని తరువాత అంకెలు ఉండరాదు. కాలిక్యులేటరు చూపినదని సగటును 9.8333333 మి.లీ. అని దించుకొనుట బ్యూరెట్టు చెప్పని మాటను దాని నోట పలికించుట అవుతుంది.

దీనికన్న మాకు బాధ కలిగించే అలవాటు మరొకటి ఉన్నది. అంశమాపనములో మూడుసార్లూ 9.80, 9.80, 9.80 అని వ్రాసిన రికార్డులు మాకు కుప్పలుగా వస్తాయి. ఇంతటి హస్తలాఘవము అనుభవజ్ఞులకు కూడ దుర్లభము! ప్రక్క బల్ల మీది స్నేహితుని అంకె చూసి వ్రాసినవే వీటిలో ఎక్కువ అని విద్యార్థులకు తెలుసును, మాకును తెలుసును. నిజముగా చేసినవానికి 9.80, 10.15, 9.85 రావచ్చును. అప్పుడు 10.15ను చెరిపివేయరాదు, దానిని ఉంచి, నాలుగవసారి చేయవలెను. నాలుగవది 9.80 వస్తే, రెండవదానిలో రంగు మారిన తరువాత కూడ చుక్కలు పడినవని గాని, ముక్కు దగ్గర గాలిబుడగ ఉన్నదని గాని కారణము వెదకి ప్రక్కన వ్రాయవలెను. అట్టి రికార్డుకు 10.15 ఉన్నదని మార్కులు తగ్గించము, ఎక్కువే వేస్తాము.

నాలుగవసారి చేయుటకు వ్యవధి చాలదని విద్యార్థులు అంటారు. ఒక్కొక్క బ్యూరెట్టుకు ముగ్గురు కాచుకొని ఉన్నప్పుడు ఆ మాటను కాదనలేము. వచ్చే విద్యాసంవత్సరానికి మరి పది బ్యూరెట్లను, రెండు త్రాసులను సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీ వారిని ఈ పత్రిక మూలముగా కోరుతున్నాము.