పికియా చూపించిన దారి

బీదర్ జిల్లా కుశనూర్‌లో పుట్టినా, హైదరాబాద్‌లో పుట్టినా బిడ్డకు 24 గంటల్లోపు హెపటైటిస్-బి టీకా వేయాలన్నది జాతీయ టీకాల పట్టికలోని నియమం. ఈ టీకాలో వైరస్ ఉండదు. దాని పైపొరలోని ఒక ప్రొటీన్ మాత్రమే ఉంటుంది, దాన్ని ఈస్ట్ చేత తయారు చేయిస్తారు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో 'షాన్‌వ్యాక్-బి' పేరుతో ఇలాంటి తొలి దేశీయ టీకాను తెచ్చింది. దానికి వాడిన ఈస్ట్ పేరు పికియా పాస్టోరిస్.

రొట్టె పిండిని పొంగించే ఈస్ట్ మిథనాల్ మీద పెరగలేదు. పికియా మాత్రం దాన్ని తిని హాయిగా బతుకుతుంది. మిథనాల్ తగలగానే దాన్ని విరగ్గొట్టే ఆల్కహాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కుప్పలుగా తయారవుతుంది. కణంలో కరిగి ఉండే ప్రొటీన్లలో దాని వాటా ఒక్కోసారి 30 శాతం దాకా వెళ్తుంది. పికియాతో మందులు చేసేవాళ్లు సాధారణంగా ఈ ఎంజైమ్ జన్యువుకున్న స్విచ్‌నే తెచ్చి, తమకు కావలసిన ప్రొటీన్ జన్యువు ముందు పెట్టుకుంటారు.

అయితే మిథనాల్ విరిగేటప్పుడు ఫార్మాల్డిహైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. రెండూ కణానికి ప్రమాదకరమే. అందుకే ఆ పనంతా పెరాక్సిజోమ్ అనే చిన్న సంచిలో, పొర చాటున జరుగుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఎంజైమ్‌ను తయారు చేసే రైబోజోమ్‌లు సంచికి బయట ఉంటాయి. బయట తయారైన ప్రొటీన్ వేల రకాల ప్రొటీన్ల మధ్య నుంచి సరిగ్గా తన సంచినే ఎలా చేరుతుంది? చేరాక పొరను ఎలా దాటుతుంది?

మొదటి ప్రశ్నకు జవాబు ప్రొటీన్‌లోనే ఉంది. ఏ ప్రొటీన్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే గుర్తు దాని అమైనో ఆమ్లాల వరుసలోనే ఉంటుందని గుంటర్ బ్లోబెల్ చూపించారు. అందుకు 1999లో నోబెల్ వచ్చింది. గుర్తును పట్టి లోపలికి పంపే ఏర్పాటు మాత్రం ఒక్కో కణాంగంలో ఒక్కో రకంగా ఉంటుంది.

మైటోకాండ్రియా సంగతే చూడండి. ఈస్ట్ మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉన్నా దానితో తయారయ్యే ప్రొటీన్లు ఎనిమిదే. తక్కిన దాదాపు వెయ్యి రకాలూ బయట నుంచి రావాలి. వాటిలో చాలావాటికి గుర్తు మొదటి కొసన ఉంటుంది, లోపలికి చేరాక అది తెగిపోతుంది. ఈ ద్వారం చాలా ఇరుకు. పైజమా నడుము పట్టీలోకి నాడా ఎక్కించాలంటే ముందు దాని ముడి విప్పాలి కదా, అలాగే మడతపడిన ప్రొటీన్ దారంలా విప్పుకుంటేనే ఇందులో దూరుతుంది. బయటి పొరలో టామ్, లోపలి పొరలో టిమ్ అనే ప్రొటీన్ గుంపులు ద్వారాలుగా పనిచేస్తాయి. లోపలి పొరకు అటూ ఇటూ ఉన్న విద్యుత్ తేడా ధనావేశమున్న గుర్తును లోనికి లాగుతుంది. మిగతా పోగును హెచ్‌ఎస్‌పీ70 అనే ప్రొటీన్ కణానికి ఇంధనమైన ఏటీపీ ఖర్చుతో గుంజుకుంటుంది. ఈ లాగుడు యంత్రం గుట్టును బెంగళూరు ఐఐఎస్‌సీలో పాట్రిక్ డిసిల్వా బృందం ఈస్ట్‌లోనే శోధించింది.

పెరాక్సిజోమ్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. ఆ గుట్టు విప్పింది మిణుగురు పురుగు! దానిలో వెలుగు పుట్టించే లూసిఫరేజ్ ఎంజైమ్‌ను వేరే జంతు కణాల్లో పెడితే అది నేరుగా పెరాక్సిజోమ్‌లోకి వెళ్లిందని కాలిఫోర్నియాలో భారత సంతతి శాస్త్రవేత్త సురేశ్ సుబ్రమణి ప్రయోగశాల 1987లో గమనించింది. గుర్తు ఆ ఎంజైమ్ తోక చివర ఉంది. సీరిన్, లైసిన్, ల్యూసిన్ అనే మూడే మూడు అమైనో ఆమ్లాలు! ఈస్ట్‌లో, మొక్కల్లో, పురుగుల్లో, మనలాంటి క్షీరదాల్లో అదే గుర్తు పనిచేస్తుందని తర్వాత తేలింది. ఇన్ని కోట్ల ఏళ్ల పరిణామంలో ఆ మూడూ చెరిగిపోకుండా నిలవడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఇంకో విశేషం, ఇక్కడ ప్రొటీన్ విప్పుకోనక్కర్లేదు. మడతపడి తయారుగా ఉన్నదాన్ని పెరాక్సిజోమ్ ఉన్నపళంగా లోనికి తీసుకుంటుంది. ఆ గుర్తు తగిలించిన 9 నానోమీటర్ల బంగారు రేణువులు కూడా లోపలికి వెళ్లాయని 1995లో చూపించారు. బంగారాన్ని విప్పడం ఎవరి తరం? తోకలోని గుర్తును పెక్స్5 అనే ప్రొటీన్ పట్టుకుని సరుకును దాటిస్తుంది, తర్వాత మళ్లీ బయటికి వచ్చి ఇంకో సరుకు అందుకుంటుంది. అంత పెద్ద సరుకు వెళ్తున్నా పొర ఎందుకు కారిపోదన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉంది. పెక్స్13 అనే ప్రొటీన్ అణువులు ఒకదానితో ఒకటి అల్లుకుని వలలాంటి ద్వారం ఏర్పరుస్తాయని, పెక్స్5 సరుకుతో సహా ఆ వలలోంచి దూరి వెళ్తుందని 2022లో హార్వర్డ్‌లోని టామ్ రాపోపోర్ట్ బృందం ప్రతిపాదించింది.

ఇదంతా ఈస్ట్ గొడవ, మనకెందుకు అనుకోవచ్చు. జెల్‌వెగర్ సిండ్రోమ్‌తో పుట్టిన పసికందుల్లో పెరాక్సిజోమ్‌లు సరిగ్గా ఏర్పడవు. కండరాలు పట్టు లేకుండా ఉంటాయి, కాలేయం, మెదడు దెబ్బతింటాయి. చాలామంది మొదటి పుట్టినరోజు చూడరు. లోపం ఏ జన్యువులో ఉందో మనుషుల్లో వెతికి పట్టడం కష్టం. ఈస్ట్‌లో అయితే పెరాక్సిజోమ్ ఏర్పడని రకాలను పళ్లేల మీద పెంచి, ఏ జన్యువు చెడిందో ఒక్కొక్కటిగా తేల్చవచ్చు. పెక్స్5 జన్యువును 1993లో పికియాలో అలాగే గుర్తించారు. దాని పోలికను బట్టి 1995లో మనిషి జన్యువును వెతికి పట్టారు. కొందరు రోగుల్లో చెడి ఉన్నది సరిగ్గా ఆ జన్యువే.